దూరపు వెలుగు, దగ్గరి వెలుగు

జంషెడ్‌పూర్ నగరంలో సాక్చీ బజారుకు చేరువగా భాలుబాసా అనే పేట ఉన్నది. పేరును విడదీస్తే భాలు అంటే ఎలుగుబంటి, బాసా అంటే నివాసం. ఎలుగుబంట్ల సంగతి ఎలా ఉన్నా, నేడు అక్కడి ఇరుకు వీధులలో నివసించేవారిలో అనేకులు ఉక్కును, ఉక్కు చుట్టూ అల్లుకొన్న చిన్న పెద్ద పనులను నమ్ముకొని బ్రతుకుతున్నవారే.

ఆ వీధులలో ఒక తెలుగు ఇల్లు. ఇంటి పెద్ద అరవై దాటిన విశ్రాంత ఫిట్టరు. తండ్రి శ్రీకాకుళం జిల్లా నుంచి పొట్ట చేతపట్టుకొని ఇంత దూరం వచ్చి కార్మికుడైనాడు. కుమారుడు ఉక్కును సాగదీసే మిల్లుల మరమ్మతు పనిలో ముప్ఫయి అయిదేళ్ళు గడిపాడు. బిష్టుపూర్‌లో తెలుగువారు కట్టుకొన్న రామమందిరానికి పండుగనాడు వెళితే ఇటువంటి కథలు గల కుటుంబాలు ఎన్నో ఎదురౌతవి. కాని పదవీవిరమణ చేసిన తర్వాత టార్చిలైట్లు కట్టడం మొదలుపెట్టిన పెద్దమనిషి మాత్రం వారిలో బహుశా ఈయన ఒక్కడే.

కొనడం కాదు, కట్టడమే. ఆదిత్యపూర్‌లోని ఒక చిన్న షెడ్డులో అల్యూమినియం కడ్డీని లేత్ మీద గొట్టంగా తొలిపించుకొంటాడు. మిగిలినదంతా వసారాలో, పచ్చడి జాడీలకు పక్కగా వేసుకొన్న బల్ల మీద జరుగుతుంది. మర దిద్దడం, తీగెలకు టంకం వేయడం, అద్దం బిగించడం ఆయనకు చేతనైన పనులే. ఆయనను రోజుల తరబడి ఆలోచనలో పడవేసేది వేరొకటి. గొట్టం ముందు భాగంలో, మెరిసే గిన్నె అడుగున కూర్చోబెట్టవలసిన పప్పుబద్దంత వస్తువు అది. ఇంగ్లీషులో దానిని ఎమిటర్ అంటారు. పాఠ్యపుస్తకాల తెలుగులో ఉద్గారిణి అనవలసి ఉంటుంది. ఈ ఫిట్టరు ఆ రెండింటినీ పక్కనపెట్టి దానిని "గింజ" అంటాడు. అనువాదకులు తలలు పట్టుకొనే చోట పనివాడి నోట మాట ఇంత సులువుగా పుట్టడం కొంచెం అసూయ కలిగించే విషయమే. పైనుంచి చూస్తే అది అచ్చంగా పసుపుపచ్చని గింజవలెనే ఉంటుంది కూడా.

ఆ పసుపు రంగుకు కారణమున్నది. దాని అడుగున వెలిగేది తెల్లని కాంతి కాదు, నీలికాంతి. ఆ నీలికాంతి పైనున్న పసుపుపచ్చని పొడి పొరను తాకినప్పుడు కొంత భాగం పసుపు కాంతిగా మారుతుంది. మారిన భాగం, మారని భాగం కలిసి కంటికి తెల్లగా తోస్తవి. చెప్పడానికి రెండు వాక్యాలు చాలినవి గాని, సాధించడానికి మనుషులకు దాదాపు ఒక శతాబ్దం పట్టింది. 1907లో హెన్రీ రౌండ్ అనే ఇంగ్లీషు పరిశోధకుడు సిలికాన్ కార్బైడు స్ఫటికానికి విద్యుత్తును తగిలించి, అది మినుకుమినుకుమనడం చూచి, ఒక పత్రికకు నాలుగు మాటలు వ్రాసి ఊరుకొన్నాడు. టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడినది కూడా ఆ 1907లోనే. ఉక్కు ముందు నడిచింది: 1912లో సాక్చీలో తొలి ఉక్కు దిమ్మె తయారైంది, 1919లో సాక్చీ జంషెడ్‌పూర్ అయింది. స్ఫటికపు వెలుగు మాత్రం 1962లో అమెరికాలో నిక్ హోలోన్యాక్ చేతిలో ఎర్రని చుక్కగా పైకి వచ్చేవరకు మరుగుననే ఉండిపోయింది. కాంతివంతమైన నీలి వెలుగు 1993లో జపానులోని నిచియా కంపెనీలో షూజీ నకమురా సాధించాడు. 2014లో ఆయనకు, ఆయనకంటె ముందు నుంచి ఆ మార్గంలో శ్రమించిన ఇసాము అకసాకి, హిరోషి అమానోలకు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. నిచియా అంతకు ముందు నుంచే మెరిసే పొడులను తయారుచేసే రసాయనశాల! నీలి వెలుగు చేజిక్కేసరికి దానిని తెల్లగా మార్చే పసుపు పొడి వారి ఇంటి సరుకే అయింది.

ఫిట్టరు కొత్తగా పనిలో చేరిన రోజులలో టార్చి అంటే మూడు సెల్లుల రేకు గొట్టం. అందులో సన్నని తీగె కాలి వెలుగునిచ్చేది. సెల్లుల శక్తిలో అత్యధిక భాగం వేడిగా వృథా అయ్యేది. వెలుగు పసుపుగా, నీరసంగా ఉండేది. కాని ఆ బల్బుకు ఎంపిక అనే బాధ లేదు. మాడిపోతే అదే రకం మరొకటి. ఇప్పుడు గింజల రకాలు వందలున్నవి. ఏడాదికి రెండు మూడు కొత్తవి వచ్చి, పాతవాటిని వెనుకకు నెట్టివేశామని ప్రకటించుకొంటవి. ఎవరికి వారు ఏదో ఒక అంకెలో ముందుంటారు. ఆ అంకె మన పనికి సంబంధించినదా కాదా అన్నది మనమే తేల్చుకోవాలి.

ఆయన బల్ల మీది గింజలు ఒక శరదృతువులో కేవలం కాలక్షేపం కాకుండా పోయినవి. పటమ్‌దా వైపు పల్లె నుంచి సాక్చీ బజారుకు కూరగాయలు తెచ్చే రైతు ఒకడు వాడుకగా ఆ ఇంటికి వస్తుంటాడు. జంషెడ్‌పూర్‌ను ఆనుకొని ఉన్న డాల్మా కొండలలో సుమారు 193 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉన్నది. అది ఏనుగులకు పెట్టింది పేరు. వరి పాలుపోసుకొని కంకి బరువెక్కే వేళకు ఏనుగులు కొండ దిగి మడులలోకి వస్తవి. ఒక్క రాత్రిలో ఒక కుటుంబపు ఏడాది తిండి పోతుంది. చీకటిలో ఏనుగుకు ఎదురుపడితే పోయేది తిండి మాత్రమే కాదు.

వంకాయలు తూస్తూ ఆ రైతు బల్ల మీది టార్చిని చేతికి తీసికొని చూచాడు.

"కాకా, ఏనుగు మీద పడిన తర్వాత కనిపిస్తే లాభం లేదు. మడిలో దిగకముందే కనిపించాలి."

"ఎంత దూరం?"

"మా మంచె నుంచి సాల చెట్ల అంచు దాకా."

"ఆ దూరం అంగలతో కొలిచి రా," అన్నాడు ఫిట్టరు. మరుసటి వారం రైతు కొలత తెచ్చాడు. నూట ఎనభై అంగలు. అంటే ఇంచుమించు నూట ముప్ఫయి అయిదు మీటర్లు.

ఆ కొలత చేతికి రాగానే గింజల ఎంపిక పద్ధతి మారిపోయింది. దుకాణాలలో టార్చి డబ్బాల మీద పెద్ద అక్షరాలతో కనిపించే అంకె ల్యూమెన్లది. ల్యూమెన్ అంటే గింజ నుంచి అన్ని దిక్కులకు వెలువడే మొత్తం కాంతి. ట్యాంకులో ఎంత నీరున్నదో చెప్పినట్లు! గొట్టం నుంచి వచ్చే ధార ఎంత దూరం పోతుందో దానివల్ల తెలియదు. ఆ సంగతి చెప్పేది కాండెలా అనే మరొక కొలత. ఒకే దిక్కులో వెలుగు ఎంత తీవ్రంగా ఉన్నదో అది చెబుతుంది. 2009లో అమెరికాలో వెలువడిన ఒక ప్రమాణం ప్రకారం, టార్చి వెలుగు దాదాపు పున్నమి వెన్నెలంతకు తగ్గిపోయే చోటు, అనగా పావు లక్స్ మిగిలే చోటు, దాని దూరపు హద్దు. లెక్క సులభమే: కాండెలాల వర్గమూలాన్ని రెట్టింపు చేస్తే మీటర్లు వస్తవి. పదివేల కాండెలాలకు 200 మీటర్లు, నలభైవేలకు 400 మీటర్లు. దూరం రెట్టింపు కావలెనంటే తీవ్రత నాలుగు రెట్లు కావాలి. అయితే పున్నమి వెన్నెలలో ఏనుగు ఆకారం చెట్టు నీడకు భిన్నంగా కనపడుతుందని ఎవరు హామీ ఇవ్వగలరు? అందుచేత ప్రమాణం చెప్పే దూరంలో మూడోవంతే నమ్మదగినదని ఫిట్టరు నియమం పెట్టుకొన్నాడు. రైతు కోరిన నూట ముప్ఫయి అయిదు మీటర్లకు ఆయన లెక్కలో నలభైవేల కాండెలాలు కనీసం కావాలి.

ఆ తీవ్రత ఎక్కడ నుంచి వస్తుంది? ఇక్కడనే అనేకులు దారి తప్పుతారు. గింజ పెద్దదైతే వెలుగు ఎక్కువ, కాబట్టి దూరమూ ఎక్కువ అనుకొంటారు. నిజానికి దూరాన్ని నిర్ణయించేవి రెండే: మెరిసే గిన్నె వెడల్పు, గింజలో ఒక్కొక్క చదరపు మిల్లీమీటరు ఎంత తీవ్రంగా వెలుగుతున్నదన్న సంగతి. గింజ పరిమాణం పెరిగితే గోడ మీద పడే వెలుగు మచ్చ పెద్దదౌతుందే గాని, మచ్చ నడుమ తీవ్రత పెరగదు.

ఆయన బల్ల మీద అప్పుడు అయిదు రకాలున్నవి. ఒక్కొక్కదానిని ఒకే గిన్నెలో, ఒకే గొట్టంలో అమర్చి, అయిదు మీటర్ల దూరంలో గోడకు లక్స్‌మీటరు కట్టి, వచ్చిన అంకెను ఇరవై అయిదు చేత గుణించి పుస్తకంలో వ్రాసుకొన్నాడు. కరెంటు ఎంత ఇవ్వాలన్న దగ్గర కొంత పేచీ ఉన్నది. అందరికీ పది వాట్లు ఇద్దామంటే చిన్న గింజ తట్టుకోలేదు. కనుక దానికి మాత్రం తయారీదారు వివరపత్రంలోని పరిమితి దాటకుండా తక్కువ ఇచ్చాడు.

ఆ చిన్న గింజ ఓస్రామ్ వారిది. టార్చిలు కట్టుకొనే వారు దానిని వైట్ ఫ్లాట్ అంటారు. వెలిగే భాగం ఒక్క చదరపు మిల్లీమీటరు. పైన గుమ్మటం లేదు, బల్లపరుపుగా ఉంటుంది. మొత్తం కాంతిలో అది అయిదింటిలోనూ కడగొట్టుది. గోడ మీద తీవ్రతలో మొదటిది! సన్నని వెలుగు కడ్డీ ఒకటి టార్చి నుంచి పొడుచుకొని వచ్చినట్లుంటుంది. సువర్ణరేఖ గట్టున నిలబడి వేస్తే ఆవలి ఒడ్డున ఒక్క పొద కనిపించింది. పక్క పొద ఉన్నదో లేదో తెలియలేదు.

దానికి సరిగ్గా ఎదురు కొసన ఉన్నది క్రీ వారి ఎక్స్‌హెచ్‌పి 70. ఏడు మిల్లీమీటర్ల చదరంలో నాలుగు గింజలను కలిపి పొదిగినట్లుంటుంది. పదేళ్ళ క్రితం వరకు ఈ సరదాలో పడినవారికి క్రీ పేరే వేదం. 2010లో వచ్చిన ఎక్స్‌ఎం-ఎల్ పది వాట్లకు వెయ్యి ల్యూమెన్లు ఇచ్చి అందరినీ అబ్బురపరచింది. ఎక్స్‌హెచ్‌పి 70 దానికి అనేక రెట్లు ఇవ్వగలదు. గోడ మొత్తం తెల్లవారినట్లయింది. కాని లక్స్‌మీటరు ముల్లు ఏమంత కదలలేదు. పెళ్ళి పందిరికి పనికివచ్చే వెలుగు, ఏనుగుకు పనికిరాదు.

ల్యూమినస్ వారి ఎస్‌బిటి 90.2 అనే గింజకు మరొక గొప్పతనమున్నది. వెలిగే భాగం తొమ్మిది చదరపు మిల్లీమీటర్లు. ఇరవై ఆంపియర్లకు మించిన కరెంటును సైతం మింగగలదు. వెడల్పు, దూరం రెండూ ఇస్తుంది. దాని ధర ఇంట్లో చెప్పకుండా దాచిన వస్తువు అదొక్కటే. అయితే ఇరవై ఆంపియర్లంటే డెబ్బయి వాట్ల పైచిలుకు. టంకం వేసే సోల్డరింగ్ ఐరన్ వాడేదే ఇరవై అయిదు వాట్లు! పూర్తి వెలుగులో ఉంచిన ఆ టార్చిని కొద్ది నిమిషాలకే తువ్వాలు చుట్టి పట్టుకోవలసి వచ్చింది.

ఆ కంపెనీదే ఎస్‌ఎఫ్‌టి 40 కొంచెం మధ్యేమార్గం. గుమ్మటం లేనిది, వెలిగే భాగం వైట్ ఫ్లాట్‌కంటె పెద్దది, ఎస్‌బిటికంటె చిన్నది. గోడ మీద మచ్చ అరచేతి వెడల్పుగా వచ్చింది. తీవ్రతలో ఓస్రామ్ గింజకు తర్వాతిది. ఇక అయిదవది నిచియా 519ఏ. గుమ్మటమున్న ఈ గింజ లక్స్‌మీటరు ముందు సామాన్యురాలు. దాని పేరు ఫిట్టరు పుస్తకంలో మొదట అట్టడుగున వ్రాయబడింది.

వేడి సంగతి కొంత వివరంగా చెప్పక తప్పదు. మంచి గింజలు ఎక్కువగా చచ్చేది దానివల్లనే. ఇచ్చిన విద్యుత్తులో సగం, తరచుగా సగానికి మించి, వేడిగానే మారుతుంది. పాత బల్బు తన వేడిని వెలుగుతోపాటు ముందుకు వెదజల్లేది. గింజకు ఆ వీలు లేదు. దాని వేడి వెనుకకు, తాను కూర్చొన్న బిళ్ళ ద్వారా గొట్టంలోకి పోవాలి, అక్కడ నుంచి చేతికి, గాలికి. బిళ్ళలో రాగికి, గింజకు మధ్య విద్యుత్తును ఆపే పలుచని పొర ఒకటి ఉంటుంది. రాగి వేడిని మోసే శక్తితో పోలిస్తే ఆ పొర శక్తి నూరో వంతు కూడా ఉండదు. కాలువ ఎంత వెడల్పుగా త్రవ్వినా తూము ఇరుకైతే నీరు పారనట్లే. అందుచేత మంచి బిళ్ళలలో గింజ నడుమ భాగానికి కింద ఆ పొరను తొలగించి, లోహాన్ని నేరుగా రాగికి టంకంతో అతుకుతారు. ఎన్నో బేరింగులు ఎండిపోయి మాడడం చూచిన ఫిట్టరుకు ఈ మాట ఎవరూ రెండుసార్లు చెప్పవలసిన అవసరం లేకపోయింది. బిళ్ళ కింద గొట్టంలో ఎప్పుడూ నాలుగు మిల్లీమీటర్లకు తక్కువ కాని అల్యూమినియం గట్టు వదిలిస్తాడు. బజారులో దొరికే చవక టార్చిలలో ఆ చోట తరచుగా బోలు రేకు ఉంటుంది. డబ్బా మీద పదివేల ల్యూమెన్లని ఉంటుంది. వేలెడంత సెల్లు ఒకటి వేసికొనే టార్చికి ఆ అంకె ఎలా సాధ్యమని ఎవరైనా దుకాణదారును అడిగితే, ఆయన రంగు నచ్చలేదా అని మరొకటి చూపిస్తాడు.

లెక్క వేసికొంటే సెల్లు అసలు కథ చెబుతుంది. 18650 అనే లిథియం సెల్లులో మంచిదానికి సుమారు పన్నెండు వాట్-గంటల శక్తి ఉంటుంది. పదహారు వాట్ల వెలుగు వేస్తే ముప్పావు గంట. ఒక్క వాటుకు దించితే పది గంటలు దాటుతుంది. కరెంటు పెంచేకొద్దీ గింజ సామర్థ్యం కూడా పడిపోతుంది. రెట్టింపు కరెంటుకు రెట్టింపు వెలుగు రాదు. పైగా వెలుగు రెట్టింపైనా కంటికి రెట్టింపుగా తోచదు. మంచె మీద కాపలా రాత్రంతా. ఏనుగు ముప్పావు గంట చూచుకొని రాదు గదా!

రంగు మాట ఇంకా మిగిలి ఉన్నది. గింజ వెలుగులో వస్తువుల సహజ వర్ణాలు ఎంత నిజంగా కనిపిస్తవో సి.ఆర్.ఐ. అనే సూచిక చెబుతుంది. నూరు పూర్తి మార్కు. ఎనిమిది లేత రంగులను చూపించి వేసే సగటు మార్కు అది. ముదురు ఎరుపు ఆ ఎనిమిదింటిలో లేదు; దానికి ఆర్9 అని వేరే మార్కు ఉన్నది. డెబ్బయి మార్కుల గింజలు అనేకం ఎరుపు దగ్గరకు వచ్చేసరికి సున్నాకు కూడా దిగువన ఉంటవి. ఫిట్టరు ఇంటిలో ఈ పరీక్షకు పరికరం కుంకుమ భరిణె. వైట్ ఫ్లాట్ వెలుగులో కుంకుమ ఇటుకపొడివలె నిర్జీవంగా ఉన్నది. 519ఏ వెలుగులో అది కుంకుమే.

"ఏటండీ, నా కుంకుమ భరిణె మళ్ళీ ఎక్కడికి పోనాది?" అని లోపల నుంచి వినిపించినప్పుడల్లా ఆ ఇంట కొత్త గింజ వచ్చినట్లు లెక్క.

ఆయనకు రంగుల మీద ఇంత పట్టింపు ఉండడం వింత కాదు. ఉక్కును వేడిచేసినప్పుడు పైన ఏర్పడే అతి పలుచని పొర వేడిని బట్టి రంగు మారుతుంది: సుమారు 220 డిగ్రీల దగ్గర లేత గడ్డిరంగు, 255 దగ్గర గోధుమ, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం. ఇరుసు ఒకచోట నీలమెక్కినదంటే అది మితిమీరి కాలి ఉన్నదన్న మాట. ఆ రంగును చదవడమే ముప్ఫయి అయిదేళ్ళు ఆయన అన్నం. నాసిరకం తెల్లని వెలుగులో గడ్డిరంగు, గోధుమరంగు ఒకే బూడిదగా కనిపిస్తవని ఆయన బల్ల మీది ఉక్కు ముక్కలు ఎవరికైనా నిమిషంలో చూపగలవు. ఒక కొలత కాగితం మీద ఓడిపోయిన గింజ ఇంకొక కొలత ముందు గెలవడం చూచిన తర్వాత, మొత్తం మీద ఏది మంచిది అనే ప్రశ్నకు అర్థం లేదని ఒప్పుకోక తప్పదు. అయినా ఆ ప్రశ్నే అందరూ అడుగుతారు.

దేవీ నవరాత్రులు గడిచేసరికి వైట్ ఫ్లాట్‌తో టార్చి సిద్ధమైంది. వెడల్పైన గిన్నె, బరువైన తల, లెక్కకు మించిన కాండెలాలు. రైతు వచ్చి, దానిని వీధి చివర నీళ్ళ ట్యాంకు మీదికి వేసి చూచి సంతోషించాడు. తీసికొని వెళుతూ గుమ్మంలో ఆగి, ఇంటి నుంచి మంచె దాకా గట్టు మీద నడిచేటప్పుడు కూడా ఇదే వేసుకోవచ్చు గదా అని అడిగాడు. నిరుడు ఆ గట్టు మీదనే పక్కింటి కుర్రవాడిని పాము కరిచిందట. ఎండిన సాల ఆకుల మీద రక్తపింజరి. కాలు పడేవరకు కనపడలేదట.

ఫిట్టరు టార్చిని వెనుకకు తీసికొన్నాడు.

గట్టు మీద రెండు అడుగుల ముందు ఏమున్నదో వెలుగు కడ్డీ చెప్పదు. నేల మీదికి వేస్తే కొబ్బరికాయంత మచ్చ కళ్ళు జిగేల్మనేలా వెలుగుతుంది. దాని చుట్టూ చీకటి మరింత చిక్కనౌతుంది. ఇక రంగు. రక్తపింజరి గోధుమరంగు ఒంటి మీద ముదురు గోధుమ మచ్చలు, కింద గోధుమరంగు ఆకులు. కుంకుమను ఇటుకపొడిగా చూపిన వెలుగు ఆ పామును ఆకులలో కలిపివేయదని చెప్పగలమా? ఏనుగుకోసం రంగు వదులుకోవచ్చు. ఆ దూరాన కావలసినది ఆకారమే. పాముకోసం దూరం వదులుకోవచ్చు. ఆ రెండింటినీ ఒకే గింజ ఇవ్వలేదు.

ఎస్‌ఎఫ్‌టి 40తో మధ్యేమార్గం పట్టవచ్చునని ఆయనకు ఒక రాత్రి అనిపించింది. మధ్యేమార్గం మరమ్మతు పనులలో ఆయనకు ఎప్పుడూ రుచించలేదు. దూరానికి చాలీ చాలని వెలుగు, కాలి కిందికి అక్కరలేని మిరుమిట్లు. చివరకు గొట్టం తల మళ్ళీ తొలిపించాడు. నడుమ వెడల్పైన గిన్నెలో వైట్ ఫ్లాట్ అలాగే ఉన్నది. తల అడుగు అంచున, కొంచెం కిందికి వంచి, మూడు చిన్న 519ఏ గింజలు, వాటి మీద గరుకు చేసిన పాలవంటి అద్దం. రెండు వేర్వేరు మీటలు, చీకటిలో వేలికి తేడా తెలిసేలా ఒకటి నున్నగా, ఒకటి గరుకుగా. గింజల గుమ్మటాలను కత్తితో కోసివేస్తే వెలుగు ఇంకా వెచ్చని రంగుకు తిరుగుతుంది, తీవ్రతా కొంత పెరుగుతుంది. ఈ విద్యలో చేయి తిరిగినవారు అలా చేస్తారు. కాలిబాట వెలుగుకు తీవ్రత అక్కరలేదు గనుక ఆయన కోయలేదు. మూడు గింజలకు కలిపి ఒక్క వాటు. అంతకు మించి పోకుండా కట్టడి చేశాడు. దూరపు మీటను మాత్రం నొక్కి పట్టుకొంటేనే వెలిగేలా అమర్చాడు. వేలు తీస్తే ఆరిపోతుంది. వేడి సమస్య, సెల్లు సమస్య రెండూ ఆ చిన్న ఏర్పాటుతో తీరినవి. ఏనుగు కళ్ళలోకి అదేపనిగా వెలుగు కొట్టి దానిని రెచ్చగొట్టే తెలివితక్కువతనానికి కూడా అది కొంత అడ్డు.

టార్చి సిద్ధమయ్యేసరికి కార్తికం సగం గడిచింది. వరి ఇంకా మడిలోనే ఉన్నది. రైతు ఈసారి వీధిలో వేసి చూడలేదు. చంకన పెట్టుకొని వెళ్ళిపోయాడు.

కోతలు ముగిసిన తర్వాత ఒక ఉదయం కొత్త బియ్యం మూటతో వచ్చాడు. ఆ కాపలా కాలమంతటిలో దూరపు మీట నొక్కినది నాలుగు రాత్రులేనట. ఒక రాత్రి చెట్ల అంచున మూడు ఆకారాలు కనిపించినవి. మంచె దిగకుండా అక్కడనే ఉండి, పల్లెకు ఫోను చేసి, అందరినీ ఇళ్ళలో ఉండమని చెప్పారు. తెల్లవారేసరికి ఒక మడి పోయింది. మనుషులెవరికీ ఏమీ కాలేదు. దగ్గరి వెలుగు మాత్రం రోజూ వాడారు, రాత్రికి పదిసార్లు. ఇప్పుడు దానిని ఇంటావిడ తీసికొన్నది. గొడ్లచావడికి వెళ్ళేటప్పుడు, పిల్లవాడికి ఒంట్లో బాగులేనప్పుడు అదే కావాలంటుంది. ఆమె ఫిర్యాదు ఒక్కటే, తల మరీ బరువు. దూరపు గిన్నె తీసివేసి ఇస్తే మేలట.

ఫిట్టరు ఏమీ అనలేదు. బియ్యం లోపల ఇచ్చి వచ్చి, టార్చి తల విప్పి, బల్ల మీద సన్నని అల్యూమినియం కడ్డీ ఒకటి వెదికి తీసి, దానికి ఎన్ని గింజలు పడతవో కొలత వేయడం మొదలుపెట్టాడు.